పాత పెద్దబండి – దాని ఇంజను వ్యాధులు

మధ్యతరగతి సంసారములలో ఇంటి తరువాత, పెండ్లి తరువాత, పెద్ద వ్యయమనదగినది మోటారుబండియే. అత్తమామలు, పిల్లలు, వేసవి సెలవులకు వచ్చిన ఆడుబిడ్డ పిల్లలు – ఇంటిల్లిపాదియు ఒక్కసారి కూర్చుండి తిరుపతికో, శ్రీశైలమునకో, మేనమామ ఊరికో పోవలెనన్న చిన్న కారు చాలదు. ఎస్.యు.వి. యని పిలువబడు పెద్దబండి కావలెను. క్రొత్తదాని వెల వినినంతనే గుండె ఝల్లుమనును. కావున పది పండ్రెండేండ్లు తిరిగి, ఒకరిద్దరి చేతులు మారిన బండిని కొనుట మన పట్టణములందును పల్లెలందును సర్వసాధారణమైనది.

ఇందు తప్పేమియు లేదు. చక్కగా చూచికొన్న పాతబండి మరి పదేండ్లు సేవ చేయగలదు. కాని కొనునపుడు జరుగు తంతును గమనింపుడు. ఇంటి మగవారును వారి స్నేహితులును బండి చుట్టు తిరిగి, చక్రములను కాలితో తట్టి, రంగు మెరుపు మెచ్చుకొని బేరమాడుదురు. గృహిణిని అడుగు ప్రశ్న యొక్కటే: “సీట్లు బాగున్నవా?” ఆ బేరమునకు పెట్టు ధనములో ఆమె పాడిన చీటీ కలదు, ఆమె గాజులు కుదువబెట్టి తెచ్చిన రొక్కము కలదు, పిల్ల చదువునకని దాచిన మొత్తమును కలదు. మూడు నెలలలో ఇంజను చెడి బాగుచేయుటకు వేలకు వేలు కావలసివచ్చినచో, ఆ దెబ్బ మొదట తగులునది వంటింటి ఖర్చునకే.

ఇంజను సంగతి స్త్రీలకెందుకని కొందరు అడుగవచ్చును. మా సమాధానమిది. ఇంజను ఒక్కనాడు చావదు. చాల దినములు ముందుగనే తన వ్యాధిని వేడిచేతను, పొగచేతను, చప్పుడుచేతను, వాసనచేతను, నేలపై రాల్చు చుక్కలచేతను చెప్పికొనును. పొయ్యిమంట పసుపుబారగనే బర్నరులో మసి చేరినదని గ్రహించునది గృహిణియే. కుక్కరు ఈల వేయక అంచులనుండి బుసకొట్టినచో మూత రబ్బరు చెడినదని తెలిసికొనునదియు గృహిణియే. ఆ చూపును బానెట్టు క్రిందికి కొంచెము మరల్చినచో చాలును.

వయస్సు, తిరిగిన దూరము

టాటా సఫారీ 1998లోను, మహీంద్రా బొలేరో 2000లోను, స్కార్పియో 2002లోను, ఇంటిల్లిపాదికిని సరిపోవు టయోటా ఇన్నోవా 2005లోను మన దేశమున బయలుదేరినవి. పాతబండ్ల అంగళ్లలో వీని పూర్వరూపములు హెచ్చుగా కనబడుచున్నవి. అందును డీజిలు ఇంజనులే యెక్కువ. కావున మేమిచట చెప్పునది ముఖ్యముగ డీజిలుబండ్లను గూర్చియే.

సొంతబండి రిజిస్ట్రేషను మొదట 15 సంవత్సరములు చెల్లును. పిదప బండిని పరీక్షింపజేసి అయిదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. పదునాలుగవ యేట అమ్మజూపు బండిని బేరమాడునప్పుడు ఆ ఖర్చును లెక్కలో వేసికొనుట మరువరాదు.

కిలోమీటర్ల అంకెను మాత్రమే చూచి నమ్మరాదు. దానిని వెనుకకు త్రిప్పు నేర్పరులు కలరు. సర్వీసు చేయించిన బిల్లులు చూపుమనవలెను. ఆ పైన బ్రేకు పెడలు రబ్బరును, స్టీరింగు తోలును, డ్రైవరు సీటు అంచును చూడవలెను. నలుబదివేల కిలోమీటర్లు మాత్రమే తిరిగినదను బండికి పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయి యుండునా? అంకె యబద్ధమాడినను అరుగుదల యబద్ధమాడదు.

వేడి: మొదటి శత్రువు

పాత ఇంజనులను చంపు వ్యాధులలో అతి క్రూరమైనది వేడి. డీజిలు మండుటచే పుట్టిన వేడిలో కొంతభాగమే చక్రములను త్రిప్పును. తక్కినది బయటికి పోవలెను. ఇంజను లోపలి దారులలో తిరుగు కూలెంటు ఆ వేడిని గ్రహించి, బండి ముందుభాగముననున్న రేడియేటరునకు తెచ్చి, గాలికి చల్లారి, మరల లోనికి పోవుచుండును. దానిని త్రిప్పునది వాటరుపంపు. ఎప్పుడెంత పోనీయవలెనో నిర్ణయించునది థర్మోస్టాటు అను చిన్న తలుపు. గాలి చాలనప్పుడు విసరునది ఫ్యాను. వీనిలో ఏ యొక్కటి చెడినను వేడి పెరుగును.

రేడియేటరు మూత విషయము గృహిణులకు వెంటనే తెలియగలదు. తెరచియున్న గిన్నెలో నీరు 100 డిగ్రీల వద్ద మరుగును. కుక్కరులో ఒత్తిడి చేరుటచే 120 డిగ్రీల దాపునకు వచ్చినగాని మరుగదు. రేడియేటరు మూత చేయు పనియు అదియే. మూత రబ్బరు ఎండి చిట్లినచో ఒత్తిడి నిలువదు. కూలెంటు ముందుగనే పొంగి బయటపడును. చవుకైన యీ మూతను పరీక్షింపక రేడియేటరునే మార్పించి వ్యర్థముగ ఖర్చుపడువారు కలరు.

మరియొక కారణము మన నీరు. కూలెంటు తగ్గినదని బోరునీరు పోయుట మన ఊళ్లలో పరిపాటి. ఉప్పునీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టుట మనమెరిగినదే. అట్టి పొరయే రేడియేటరులోని సన్నని గొట్టములలో కట్టి దారి మూసివేయును. లోహమునకు త్రుప్పు పట్టించును. కూలెంటు తుప్పురంగు తిరిగియున్నచో ఆ బండి యజమాని నీటితో కాలక్షేపము చేసెనని తెలియవలెను. ఒక హెచ్చరిక: అనేక కూలెంట్లలో నుండు ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యనిది, కడుపులోనికి పోయినచో విషము. డబ్బాను పిల్లలకందనీయరాదు, నేలపై ఒలికినచో కడిగివేయవలెను.

మే నెల యెండ, బండి నిండ మనుష్యులు, పైన సామాను, లోపల ఏ.సి. – ఇట్టి స్థితిలో దోర్నాల దాటి నల్లమల ఘాటు ఎక్కుట పాతబండికి కఠినపరీక్ష. అప్పుడు వేడి చూపు ముల్లు మామూలు చోటు విడిచి పైకి పోవుచున్నచో ఏమి చేయవలెను? మొదట ఏ.సి. ఆపవలెను. హీటరును పూర్తిగా తెరచినచో ఇంజను వేడి కొంత లోనికి లాగబడును. మనకు ఉక్కగా నున్నను ఇంజనునకు ఉపశమనము. సురక్షితమైన చోటు దొరకగనే బండి నిలుపవలెను. “ఇంకొక నాలుగు మైళ్లే గదా, ఊరు చేరి చూచుకొందము” అనుట మాత్రము వలదు. ఇంజనులను తగలబెట్టునవి ఆ నాలుగు మైళ్లే.

వేడిగానున్న రేడియేటరు మూతను తెరువరాదు. ఒత్తిడితోనున్న కుక్కరు మూత తీసినట్లే, మరుగుచున్న ద్రవము ముఖమునకు చిమ్మును. అరగంటకు తక్కువ గాకుండ చల్లారనిచ్చి, చేయి పెట్టి చూచి, మందపుగుడ్డతో మెల్లగా త్రిప్పవలెను. కాగిన ఇంజనుపై చన్నీరు క్రుమ్మరింపరాదు, లోహము పగులును.

ఇంత జాగ్రత్త యేలయనగా, ఇంజను పైభాగము అనేక బండ్లలో అల్యూమినియముతోను, క్రిందిభాగము పోత యినుముతోను చేయబడును. ఈ రెండును ఒక్కతీరున వ్యాకోచింపవు. మితిమీరిన వేడికి పైభాగము వంగి, నడుమనున్న హెడ్ గాస్కెట్టు చెడును. అప్పుడు కూలెంటు ఆయిలులో కలియును; లేదా మంటగదిలోనికి పోవును. ఆయిలు మూత అడుగున, కొలత కడ్డీపైన, పాలు కలిపిన కాఫీవంటి జిడ్డు కనబడుట దీని గుర్తు. చలిదినములలో దగ్గర దూరములే తిరుగు బండికి మూత అడుగున మాత్రము కొంచెము తెల్లని నురుగు చేరుట కలదు. అది తేమవలన కలుగునది. కడ్డీపై గూడ కనబడినచో ఆ బండి జోలికి పోరాదు.

ఆయిలు: ఇంజను నెత్తురు

బండిని సమమైన నేలపై నిలిపి, ఇంజను ఆపి కొన్ని నిమిషములు తాళి, కొలత కడ్డీని తీసి గుడ్డతో తుడిచి, మరల ముంచి తీసినచో ఆయిలు మట్టము తెలియును. రెండు గుర్తుల నడుమ నుండవలెను. డీజిలు ఇంజనులో ఆయిలు మార్చిన కొద్ది దినములకే నలుపెక్కును, దానికి భయపడనక్కరలేదు. వ్రేళ్ల నడుమ ఇసుకవలె తగిలినను, తారువలె ముద్దకట్టినను భయపడవలెను.

మట్టము మాటిమాటికి తగ్గుచున్నచో ఆయిలు పోవు దారులు రెండు. ఒకటి బయటికి: రబ్బరు సీళ్లు, గాస్కెట్లు ముదిరి కారుట. రాత్రి బండి నిలుపుచోట పాత అట్టముక్క పరచి తెల్లవారి చూచినచో చుక్కలు సాక్ష్యము చెప్పును. నల్లనిది ఆయిలు, పచ్చనిదియో ఎర్రనిదియో నీళ్లవంటిది కూలెంటు. రంగులేని శుద్ధజలమైనచో ఏ.సి. నీరు, అది దోషము గాదు. రెండవ దారి లోనికి: పిస్టను రింగులు, వాల్వు సీళ్లు అరిగి, ఆయిలు మంటగదిలో చేరి కాలిపోవుట. ఇది పెద్ద ఖర్చు.

ఆయిలు దీపము ఎర్రగా వెలిగినచో మరి యొక నిమిషమైనను నడుపరాదు. బండిని ప్రక్కకు తీసి వెంటనే ఇంజను ఆపవలెను. ఆయిలు ఒత్తిడి లేని ఇంజనులో లోహము లోహమును తినివేయును.

పొగ రంగులు

సైలెన్సరునుండి వచ్చు పొగ రంగును చూచి లోపలి వ్యాధిని చాలవరకు ఊహింపవచ్చును. నీలిపొగ ఆయిలు కాలుటకు గుర్తు: రింగులో, వాల్వు సీళ్లో, టర్బోయో చెడియుండును. నల్లపొగ డీజిలు హెచ్చగుటకుగాని, గాలి తక్కువగుటకుగాని గుర్తు: గాలి ఫిల్టరు మూసికొనుట, ఇంజెక్టర్లు సరిగ చల్లకుండుట, పొగలో కొంత మరల ఇంజనులోనికి పంపు ఈ.జీ.ఆర్. వాల్వు మసిపట్టుట. వీనిలో గాలి ఫిల్టరు మిక్కిలి చవుక. మెకానిక్కు ఇంజెక్టర్లు మార్చవలెనన్నను ముందుగ ఫిల్టరు చూపుమని అడుగవలెను.

తెల్లపొగ రెండు తెరగులు. చల్లని ఉదయమున కొంచెము ఆవిరి వచ్చి వెంటనే పోయినచో అది సహజము. డీజిలు వాసనతో దట్టముగ వచ్చి, ఇంజను స్టార్టగుటకు మొరాయించుచున్నచో గ్లో ప్లగ్గులో, ఇంజెక్టర్లో, బలహీనమైన బ్యాటరీయో కారణమై యుండును. ఇంజను కాగిన తరువాతను తీయని వాసనతో తెల్లపొగ మానక వచ్చుచున్నచో కూలెంటు లోపల కాలుచున్నదన్నమాట. అది హెడ్ గాస్కెట్టు వ్యాధియే.

బెల్టు, గొలుసు, చప్పుళ్లు

ఇంజను లోపల వాల్వులు పిస్టన్లతో తాళము తప్పక ఆడుటకు కొన్నిటిలో టైమింగు బెల్టును, కొన్నిటిలో గొలుసును అమర్చుదురు. ఇన్నోవా పాత 2.5 లీటర్ల డీజిలు ఇంజనుకు బెల్టు. స్కార్పియో ఎమ్‌హాక్ ఇంజనుకు గొలుసు. బెల్టు రబ్బరుది. బండిపుస్తకములో చెప్పిన దూరమునకు మార్చి తీరవలెను. బండి తక్కువ తిరిగినను ఏండ్లు గడచినకొలది రబ్బరు ముదురును. అది తెగినచో పిస్టన్లు వాల్వులను గుద్ది, క్షణములో ఇంజను ధ్వంసమగును. ఈ ఒక్క వ్యాధి మాత్రము ముందుగ చప్పుడు చేయకయే రావచ్చును. కావున “బెల్టు ఎప్పుడు మార్చితిరి? బిల్లు ఏది?” యని తప్పక అడుగవలెను. బిల్లు లేనిచో మార్చలేదనియే భావించి ఆ ఖర్చును వెలలో తగ్గింపుమనవలెను.

గొలుసు సామాన్యముగ చిరకాలము మన్నును. కాని ఆయిలు సకాలమున మార్చని బండిలో అది సాగును. ఉదయము స్టార్టుచేయగనే కొన్ని క్షణములపాటు గలగల చప్పుడు వినబడుట దాని గుర్తు. కీచుమను చప్పుడు బయటి బెల్టులది, స్వల్పవిషయము. ఇంజను ఆపునప్పుడు బండి యంతయు ఊగినచో మౌంటింగు రబ్బర్లు పోయినవి; మధ్యమఖర్చు. లోతుగా, బరువుగా, వేగముతోబాటు పెరుగు టకటక శబ్దము అడుగు బేరింగులది కావచ్చును. అది వినినచో కొనుట మానుట మేలు.

ఇంజెక్టర్లు, టర్బో, మసిజల్లెడ

కామన్ రైలు ఇంజనులలో డీజిలును గాలి యొత్తిడికి వేయిరెట్లు మించిన యొత్తిడితో, వెంట్రుకవంటి రంధ్రములగుండ చల్లుదురు. ఇట్టి సున్నితపు పనికి డీజిలులోని నీరును, మురికియు ప్రాణాంతకములు. ఫిల్టరు సకాలమున మార్పక మిగిల్చిన కొన్ని వందల రూపాయలు ఇంజెక్టర్ల రూపమున పదింతలై పోవును.

టర్బో నిమిషమునకు లక్షకు మించిన చుట్లు తిరుగును. దానిని కాపాడునది పలుచని ఆయిలు పొర. దూరప్రయాణము ముగియగనే ఇంజనును ఠక్కున ఆపక ఒకటి రెండు నిమిషములు ఊరక తిరుగనిచ్చినచో టర్బో చల్లారును. ఈల వంటి శబ్దము క్రొత్తగా హెచ్చినను, ఎత్తు ఎక్కునపుడు బలము తగ్గినను టర్బోను, దాని గొట్టములను చూపింపవలెను.

2020 ఏప్రిల్ 1 నుండి అమ్మబడిన బి.ఎస్.-6 డీజిలుబండ్లలో పొగలోని మసిని పట్టు జల్లెడ యొకటి కలదు. పిల్లలను బడిలో దింపి వచ్చుటకు మాత్రమే వాడు బండిలో ఆ జల్లెడ వేడెక్కి శుభ్రపడుట కవకాశముండదు. దీపము వెలిగినచో బండిపుస్తకము చెప్పినట్లు పెద్దరోడ్డుపై కొంతసేపు నిలకడగా నడపవలెను. జల్లెడను శుభ్రపరచుటకై చల్లిన డీజిలు క్రిందికి జారి ఆయిలులో కలియుటయు కలదు. ఇట్టి బండిలో ఆయిలు మట్టము పెరుగుట శుభలక్షణము గాదు.

కొనుటకు ముందు

బండిని ఉదయమే చూడబోవలెను. తాము వచ్చువరకు స్టార్టు చేయవద్దని ముందుగ చెప్పవలెను. చేరగనే బానెట్టుపై చేయి పెట్టి చూడుడు. వెచ్చగానున్నచో అమ్మువాడు స్టార్టగుటలోని చిక్కును, తొలిపొగను దాచుచున్నాడేమో యని శంకింపవలెను. ఇంజను మరీ కడిగి మెరపించినట్లున్నచో కారుటను దాచుటకేమో యనియు శంకింపవలెను.

పిదప ఇంజను నడచుచుండగా ఆయిలు పోయు మూతను మెల్లగా తీయింపవలెను. కొంచెము ఆవిరి సహజము. పొగబండివలె బుసబుస పొగ చిమ్మినచో రింగులు అరిగినవి. అరగంట నడిపించి, అందులో కొంత ఏ.సి.తోను, కొంత ఎత్తు రోడ్డుపైనను నడిపించి, వేడి ముల్లు కదలునేమో చూడవలెను. చివరకు, అమ్మువానికిగాని దళారికిగాని చెందని మెకానిక్కుచేత చూపింపవలెను. వానికిచ్చు రుసుము వ్యర్థవ్యయము గాదు.

కొన్న పిమ్మట

చేతనున్న ధనమునంతను వెలగా పెట్టివేయరాదు. కొంత ప్రత్యేకముగ మూటగట్టి యుంచి, బండి ఇంటికి వచ్చిన వారములోనే ఆయిలు, ఫిల్టర్లు, కూలెంటు, రబ్బరు గొట్టములు, బెల్టులు మార్పింపవలెను. పాత యజమాని ఎప్పుడు మార్చెనో యను సందేహము దీనితో తీరును. మన లెక్క ఆనాటినుండి మొదలగును.

పాలలెక్క వ్రాయు పుస్తకము చివరి పుటలలో బండిలెక్కను వ్రాయుట మంచిది. తేదీ, కిలోమీటర్లు, ఏమి మార్చితిమి, ఎంత ఇచ్చితిమి – ఇంతే. నెలకొకసారి ఉదయమున చల్లని ఇంజనులో ఆయిలు, కూలెంటు మట్టములు చూచి వ్రాసినచో ఏది తరుగుచున్నదో కాగితమే చెప్పును. పుస్తకము ఉన్న ఇంటివారిని మెకానిక్కులు సులభముగ మోసపుచ్చజాలరు. బండిని తిరిగి అమ్మునాడు ఆ పుటలే వెల తెచ్చును.

సోదరీమణులారా! మీలో బండి నడుపువారు అనేకులు కలరు, నడుపనివారును కలరు. నడుపకున్నను ముందుసీటులో కూర్చుండినపుడు వేడి ముల్లుపై ఒక కన్ను వేసియుంచుడు. అది లేచినపుడు “ఆపుడు” అనుటకు సంకోచింపకుడు. ఊరు దగ్గరనే యున్నదని ఎవరెంత చెప్పినను, పొద్దుపోవుచున్నదని ఎవరెంత విసుగుకొన్నను, ఆ మాట గట్టిగా అనుడు. చెట్టునీడన పోవునది ఒక్క గంట. ఇంజనే పోయినచో మునుగునది మీ చీటీ డబ్బు, మీ గాజులు, మీ పిల్ల చదువు.